నుదురు చూసి కత్తెర

 

ఈ రోజు మనం ముందు జుట్టు గురించి మాట్లాడుకుందాం. నుదుటి మీద పడేటట్టు కత్తిరించుకునే జుట్టు గురించి. దీన్ని కొందరు ఫ్రింజ్ అంటారు, కొందరు ఫ్లిక్స్ అంటారు, ఇప్పటి కాలేజీ పిల్లలు బ్యాంగ్స్ అంటున్నారు. మన అమ్మల కాలంలో సాధనా కట్ అంటే అందరికీ తెలిసేది. నేను మాత్రం ముంగురులు అనే అంటాను.

నేను మహాదేవపూర్‌లో బ్యూటీ పార్లర్ నడుపుతాను. కాళేశ్వరం, అన్నారం, అంబట్‌పల్లి నుంచి ఆడపిల్లలు వస్తారు. వంతెన దాటి సిరొంచ నుంచి కూడా వస్తారు. వాళ్లలో చాలామంది ఫోన్‌లో ఒక ఫొటో చూపించి, "అక్కా, నాకు గిట్లనే కావాలె" అంటారు. ఆ ఫొటోలో ఉన్నామె ముఖం వేరు, జుట్టు వేరు, ఆమె ఉండే ఊరి ఎండ వేరు, పొద్దున లేచి ఆమె చేసే పని వేరు. అందుకే ఫోన్ పక్కన పెట్టించి, ముందు ఆ పిల్లను అద్దం ముందు కూర్చోబెడతాను. మన నుదురు చూసి, మన జుట్టు చూసి, మన రోజు ఎట్లా గడుస్తుందో చూసి ముంగురులు కత్తిరించుకోవాలి. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందుగా సాధనా కట్ సంగతి చెబుతాను. 1960లో 'లవ్ ఇన్ సిమ్లా' అనే హిందీ సినిమా వచ్చింది. అందులో కథానాయిక సాధన. ఆమె నుదురు బాగా విశాలం. తెర మీద అది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తోందని దర్శకుడు ఆర్.కె. నయ్యర్ ఒక ఉపాయం ఆలోచించారు. హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్న్ అప్పటికే నుదుటి మీద పొట్టి ముంగురులతో పేరు తెచ్చుకుంది. 1953 నాటి 'రోమన్ హాలిడే' చూసినవారికి ఆ జుట్టు గుర్తుండే ఉంటుంది. అదే పద్ధతిలో సాధన ముందు జుట్టు కత్తిరించి నుదుటి మీదికి వదిలారు. సినిమా ఆడింది. దేశమంతా ఆడపిల్లలు అదే జుట్టు కోసం కత్తెర పట్టుకున్నారు.

ఇందులో మనం గమనించాల్సినవి రెండు ఉన్నాయి. ఒకటి, ఆ కట్ ఒక మనిషి నుదుటిని చూసి, ఆ నుదుటి కోసం చేసినది. విశాలమైన నుదురు కాబట్టి దాన్ని కొంత కప్పితే ముఖం సమంగా కనిపించింది. చిన్న నుదురు ఉన్న పిల్ల అదే కట్ చేయించుకుంటే ఉన్న నుదురు కూడా మాయమై, జుట్టు కిందనే కళ్లు మొదలైనట్టు కనిపిస్తుంది. రెండోది, అదే 1960లో బిమల్ రాయ్ తీసిన 'పరఖ్' సినిమాలో సాధన పల్లెటూరి అమ్మాయిగా కనిపిస్తుంది. అక్కడ ఆమె జుట్టు నుదుటి మీద నుంచి వెనక్కి దువ్వి ఉంటుంది. అక్కడా ఆమె అందంగానే ఉంది. ముంగురులు ఉన్నా అందమే, లేకపోయినా అందమే. ఏ సందర్భానికి ఏది నప్పుతుందో చూసుకోవడంలోనే తెలివి ఉంది.

నుదుటి మీద జుట్టు పడనివ్వడం నిన్న మొన్న పుట్టిన ఫ్యాషన్ కాదు. అజంతా గుహల చిత్రాల్లో స్త్రీల నుదుటి మీద చిన్న చిన్న ఉంగరాలు తిరిగిన ముంగురులు కనిపిస్తాయి. మనకు దగ్గరలోనే పాలంపేట రామప్ప గుడి ఉంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వెళ్లింది. అక్కడి మదనికల, అంటే స్త్రీ శిల్పాల, కొప్పులు చూడండి, నగలు చూడండి. ఒక మదనిక కాళ్లకు ఎత్తు మడమల పాదరక్షలు కూడా ఉన్నాయి. 800 ఏళ్ల కింద ఈ నేల మీద ఒక శిల్పి స్త్రీ అలంకారాన్ని అంత శ్రద్ధగా రాతిలో చెక్కాడు. ఈ రోజు మన పిల్ల అద్దం ముందు నిలబడి తన జుట్టు గురించి ఆలోచిస్తే, దాన్ని పనికిమాలిన సోకు అని తీసిపారేయకండి.

సరే, ఇప్పుడు ముఖం చూసుకుందాం. జుట్టంతా వెనక్కి లాగి గట్టిగా ముడి వేసుకోండి. కిటికీ వెలుతురు ముఖం మీద సూటిగా పడేటట్టు అద్దం ముందు నిలబడండి. నాలుగు చోట్ల చూడాలి: నుదురు వెడల్పు, చెంప ఎముకల దగ్గర వెడల్పు, దవడ వెడల్పు, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం దాకా పొడవు. కొలిచేందుకు టైలర్ టేపు ఉంటే మంచిదే. లేకపోతే కాటుక పెన్సిల్ తీసుకొని, కదలకుండా నిలబడి, ఒక కన్ను మూసి, అద్దంలో కనిపించే మీ ముఖం అంచు వెంట అద్దం మీదనే గీత గీయండి. పక్కకు జరిగి ఆ గీతను చూడండి. మీ ముఖం ఏ తీరుదో మీకే తెలిసిపోతుంది.

పొడవు కొంచెం ఎక్కువగా, దవడ మెత్తగా తిరిగి ఉంటే అది కోలముఖం. ఈ ముఖానికి దాదాపు ఏ ముంగురులైనా నప్పుతాయి. వీళ్లు జుట్టు రకాన్ని, రోజువారీ పనిని చూసుకుంటే చాలు.

పొడవూ వెడల్పూ ఇంచుమించు సమానంగా ఉండి, చెంపలు నిండుగా ఉంటే గుండ్రటి ముఖం. మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఇదే. ఈ ముఖం మీద కనుబొమల దాకా ఒత్తుగా, అడ్డంగా, సమంగా కత్తిరిస్తే ముఖం సగానికి కుదించినట్టవుతుంది. కాబట్టి పక్కకు వాలేటట్టు కత్తిరించాలి. లేదా నడుమ పాపిట తీసి రెండు పక్కలకూ వదిలే ముంగురులు కత్తిరించాలి. వీటినే ఇప్పుడు కర్టెన్ బ్యాంగ్స్ అంటున్నారు. నుదురు నడుమ కొంత నిలువుగా కనిపిస్తుంది కాబట్టి ముఖానికి పొడవు వచ్చినట్టుంటుంది. చివర్లు చెంప ఎముక కిందికి దిగితే చెంపల నిండుదనం కూడా కొంత తగ్గి కనిపిస్తుంది.

పొడవు బాగా ఎక్కువ, వెడల్పు తక్కువ అయితే పొడుగు ముఖం. గుండ్రటి ముఖానికి వద్దన్నదే దీనికి మేలు. కనుబొమలను తాకేటట్టు నిండుగా, ఈ కణత నుంచి ఆ కణత దాకా ముంగురులు పెడితే పొడవు తగ్గి ముఖం నిండుగా కనిపిస్తుంది. నుదురు, దవడ రెండూ వెడల్పుగా ఉండి దవడ మూలలు తేరి ఉంటే అది నలుచదరపు ముఖం. దానికి గీత గీసినట్టు కత్తిరించవద్దు. చివర్లు పలచగా, నడుమ కొంచెం పొట్టిగా, పక్కలకు పోయేకొద్దీ పొడుగ్గా, వంపుగా ఉండాలి.

నుదురు వెడల్పు, గడ్డం సన్నగా కోసుగా ఉంటే దాన్ని నేను తమలపాకు ముఖం అంటాను. సాధన నుదుటి సమస్య వీళ్లలో చాలామందికి ఉంటుంది. పలచటి ముంగురులు గానీ, పక్కకు వాలే ముంగురులు గానీ పెడితే నుదురు వెడల్పు తగ్గుతుంది. మరీ ఒత్తుగా పెడితే పైన బరువు, కింద గడ్డం ఇంకా సన్నం అనిపిస్తుంది. చెంప ఎముకలే అన్నిటికంటే వెడల్పుగా ఉండి నుదురు, గడ్డం రెండూ సన్నగా ఉన్నవారికి కణతల దగ్గర నిండుగా ఉండే పొడుగు ముంగురులు బాగుంటాయి.

నుదురు చిన్నదైతే మానుకోవాలా? అక్కర్లేదు. ముంగురులను నుదుటి అంచు నుంచి కాకుండా కొంచెం వెనక నుంచి, నడినెత్తికి దగ్గరగా మొదలుపెడితే ముఖానికి పొడవు వస్తుంది. అద్దాలు పెట్టుకునేవారు పార్లర్‌కు అద్దాలతోనే రావాలి. ముంగురుల చివర ఫ్రేము మీద ఆనితే రోజంతా కదులుతూ విసిగిస్తుంది. ఫ్రేముకు పైన అయినా ఆగాలి, పక్కలకు అయినా పోవాలి.

ముఖం తరువాత జుట్టు. నుదుటి అంచున సుడి ఉందేమో చూసుకోండి. రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లు అని మనవాళ్లు చెప్పే మాటను పక్కన పెట్టండి. కానీ ముందు జుట్టులో సుడి ఉంటే కత్తెర పట్టినవాళ్లు దాన్ని తప్పకుండా లెక్కలోకి తీసుకోవాలి. అక్కడ వెంట్రుకలు మొలిచే దిక్కే వేరు. పొట్టిగా కత్తిరిస్తే అవి లేచి నిలబడతాయి, ముంగురులు అక్కడ చీలిపోతాయి. సుడి ఉన్నవారికి పొడుగ్గా, కాస్త బరువుగా ఉంచి, సుడి పోయే వైపే వాలనివ్వడం మంచిది.

ఉంగరాల జుట్టు ఉన్నవారు ముంగురులు మాకు రావు అనుకుంటారు. వస్తాయి, చాలా బాగుంటాయి కూడా. కాకపోతే జుట్టు ఆరిన తరువాతే, ఒక్కో ఉంగరం పట్టి కత్తిరించాలి. ఏ వెంట్రుకైనా తడిసినప్పుడు సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఉంగరాల జుట్టు ఇంకా ఎక్కువ ముడుచుకుంటుంది. తడి మీద కనుబొమల దాకా కత్తిరిస్తే, ఆరేసరికి నుదుటి నడుమకు పోతుంది.

ముందు జుట్టు పలచబడినవారు ఒక మాట వినండి. చిన్నప్పటి నుంచి నూనె పెట్టి, లాగి, బిగించి జడ వేసుకోవడం వల్ల కొందరికి కణతల దగ్గర, నుదుటి అంచున జుట్టు పోతుంది. దీన్ని డాక్టర్లు ట్రాక్షన్ అలోపీషియా అంటారు. తొందరగా గమనించి జడ వదులు చేస్తే చాలామందికి జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి అలాగే లాగితే కుదుళ్లు దెబ్బతిని ఇక రాదు. స్కూల్ పిల్లలకు రెండు జడలు వేసే తల్లులు ఇది గుర్తుపెట్టుకోవాలి. జడ వేశాక పిల్ల కనుబొమలు పైకి లాగినట్టున్నాయంటే జడ బిగుతైనట్టే.

బాలింతలు కూడా కొంత ఆగాలి. కాన్పయిన మూడు నాలుగు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. టైఫాయిడ్, డెంగ్యూ వంటి పెద్ద జ్వరం వచ్చినా రెండు మూడు నెలలకు ఇట్లాగే రాలుతుంది. చాలామందికి అది కొన్ని నెలల్లో దానంతట అదే ఆగిపోయి, నుదుటి అంచున పొట్టి పొట్టి వెంట్రుకలు మొలుస్తాయి. అవి కొత్త జుట్టు. అవి పెరిగాక ముంగురుల గురించి ఆలోచించండి. రాలడం ఆగకపోతే పార్లర్‌కు కాదు, డాక్టర్ దగ్గరికి పోవాలి. రక్తం తక్కువుందేమో చూపించుకోవాలి.

కాళేశ్వరం పక్కన ఉన్నవాళ్లం కాబట్టి తలనీలాల మాట కూడా చెప్పాలి. గోదావరి, ప్రాణహిత కలిసే చోట, అంతర్వాహినిగా సరస్వతి కూడా ఉందని నమ్మే ఈ త్రివేణి సంగమంలో స్నానం చేసి, ఒకే పానవట్టం మీద కొలువైన కాళేశ్వర ముక్తీశ్వరులకు మొక్కు చెల్లించే ఆడవాళ్లు ఎందరో.  గుండు తరువాత జుట్టు ఒత్తుగా వస్తుందని చాలామంది నమ్ముతారు. వెంట్రుక కుదురు చర్మం లోపల ఉంటుంది, కత్తి అక్కడిదాకా పోదు. గుండు చేసినప్పుడు వెంట్రుక కొస మొద్దుగా తెగుతుంది కాబట్టి చేతికి మందంగా తగులుతుంది, అంతే.

జుట్టు నెలకు ఇంచుమించు 1 సెంటీమీటరు, కొందరికి కొంచెం ఎక్కువ పెరుగుతుంది. మన నుదురు 6, 7 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే గుండు చేయించుకున్న ఆరేడు నెలలకు ముందు జుట్టు కనుబొమల దాకా వస్తుంది. చాలామంది ఆ సమయంలో జుట్టు ఎటూ నిలవడం లేదని క్లిప్పులు పెట్టి బిగిస్తారు. నిజానికి అడగకుండానే ముంగురులు వచ్చే సమయం అదే. చెవుల పక్కన, మెడ మీద కాస్త సరిచేసి, ముందు జుట్టును పక్కకు వాల్చి కత్తిరిస్తే ఆ పెరిగే జుట్టే చక్కటి పొట్టి కట్ అవుతుంది. మొక్కు తీర్చుకున్న మనిషి ఆ ఏడాదంతా కొంగు కప్పుకొని తిరగక్కర్లేదు.

ఇక మూడోది మన రోజు. ఈ సంగతి మా పార్లర్‌కు వచ్చిన ఒక పిల్లతో చెబుతాను. ఇంటర్ చదువుతోంది. బాపమ్మను వెంట తీసుకొని వచ్చింది. ఫోన్‌లో కొరియా సీరియల్ నటి ఫొటో, కనుబొమల మీద ఒత్తుగా, సమంగా కత్తిరించిన జుట్టు. పిల్లది గుండ్రటి ముఖం, ఒత్తు జుట్టు, నుదుటి అంచున కుడిపక్క సుడి.

బాపమ్మ కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టింది. "ముఖం మీద ఎంటికలేంది బిడ్డా? నుదురు కనపడొద్దా, బొట్టు కనపడొద్దా?"

"గిప్పుడందరు గిట్లనే తీస్కుంటున్రు బాపమ్మా" అంది పిల్ల.

నేను కత్తెర తీయలేదు. పిల్ల జడ పైకి మడిచి, జడ కొసను ముందుకు తెచ్చి, నుదుటి మీద కనుబొమల దాకా పరిచి పట్టుకున్నాను. అద్దంలో చూడమన్నాను. పిల్ల ముఖం పొట్టిగా, చెంపలు ఇంకా పెద్దగా కనిపించాయి. ఆమె ఏమీ అనలేదు, కానీ ఫోన్ వైపు ఒకసారి, అద్దం వైపు ఒకసారి చూసింది. అదే కొసను రెండు పాయలు చేసి, నడుమ సందు వదిలి, అటొకటి ఇటొకటి చెంపల మీదికి వాల్చాను. నడుమ నుదురు, నుదుటి మీద ఎర్ర బొట్టు. బాపమ్మ ముందుకు వంగి చూసి, "గిట్లయితే మంచిగున్నది" అంది.

అప్పుడు సెలవుల్లో ఏం చేస్తావని ఆ పిల్లను అడిగాను. అమ్మతో మిరపకాయ ఏరబోతానంది. మన భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల్లో మిర్చి ఏరే ఆడవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. పొద్దంతా మిరపకాయలు కోసిన చేతికి ఘాటు అంటుకొని ఉంటుంది. కళ్ల మీద పొట్టి వెంట్రుక పడితే చేయి దానంతట అదే పైకి పోతుంది. చేయి కంటికి తగిలిందా, ఇక ఆ పూట పని ఆగినట్టే. పత్తి ఏరేటప్పుడు, నాటు వేసేటప్పుడు, చంటిపిల్లను ఎత్తుకున్నప్పుడు కూడా రెండు చేతులూ ఖాళీగా ఉండవు. అందుకని ఆ పిల్లకు ముంగురులు కళ్ల దగ్గర ఆపకుండా చెంప ఎముక కిందిదాకా వదిలాను. పొలం పోయినప్పుడు చెవి వెనక్కి దోపి, రెండు క్లిప్పులు పెట్టి, మీద రుమాలు కట్టుకోవచ్చు. కాలేజీకి పోయినప్పుడు విప్పి వదులుకోవచ్చు. సుడి ఉన్న కుడి పాయను కొంచెం పొడుగ్గా ఉంచాను.

మీరు కూడా ఇట్లాగే లెక్క వేసుకోండి. స్కూటీ మీద పోయేవారు, యూనిఫాం ఉద్యోగం చేసేవారు, గురుకులంలో రెండు జడలు వేసుకునే పిల్లలు, అందరికీ చెవి వెనక్కి చేరే పొడవే మేలు. కనుబొమల మీద నిలిచే పొట్టి ముంగురులను రోజూ పొద్దున దిద్దుకోవాలి. ఆ పది నిమిషాలు మీకు ఉంటే పెట్టుకోండి. పెళ్లి దగ్గర పడిన అమ్మాయిలు మాత్రం ఆగండి. పాపిటబిళ్ల నిలవాలన్నా, నుదుటికి బాసికం కట్టాలన్నా ముందు జుట్టు పాపిటకు అందాలి. పెళ్లయ్యాక తీరిగ్గా కత్తిరించుకోవచ్చు.

నలభై దాటినవారికి కూడా ముంగురులు నప్పుతాయి. ముందు తెల్లబడి, పలచబడిన జుట్టును బిగించి వెనక్కి దువ్వితే ఆ పలచదనమే కనిపిస్తుంది. పక్క పాపిట తీసి, కొంచెం జుట్టు మెత్తగా నుదుటి పక్కకు వాలనిస్తే ముఖం నిండుగా ఉంటుంది.

కత్తెర వేసే తీరు ఇప్పుడు చెబుతాను. మొదటిసారి పార్లర్‌లోనే చేయించుకోండి. తరువాత పెరిగిన కొసలు ఇంట్లో సరిచేసుకోవచ్చు. జుట్టు కడిగి, పూర్తిగా ఆరాక మొదలుపెట్టండి. దువ్వెనను నడినెత్తి మీద అడ్డంగా పెడితే, ముందుకు వచ్చేకొద్దీ ఒకచోట తల వంపు తిరిగి దువ్వెన కొస గాలిలోకి లేస్తుంది. ముంగురులు అక్కడ మొదలుకావాలి. అక్కడి నుంచి రెండు కనుబొమల బయటి కొసల పైకి రెండు పాపిటలు తీస్తే ముక్కోణం వస్తుంది. ఆ ముక్కోణంలోని జుట్టే ముంగురులు. మిగతాదంతా వెనక్కి ముడి వేయండి, ఒక్క వెంట్రుక కూడా ముందుకు రాకూడదు. చాలామంది ఇంట్లో కత్తిరించుకొని ఏడ్చేది ఇక్కడే. చెవుల దాకా జుట్టు ముందుకు తెచ్చుకొని కత్తిరించేస్తారు.

దువ్వి, వేళ్ల మధ్య వదులుగా పట్టుకోండి, లాగవద్దు. మీకు కావాల్సిన పొడవు కంటే ఒక వేలెడు కిందనే ఆపండి. కత్తెరను అడ్డంగా కాకుండా నిలువుగా, కొస పైకి పెట్టి, చిన్న చిన్నగా కొసలు మాత్రమే తుంచండి. ముందు నడుమ, తరువాత పక్కలు. రెండు తుంచుల తరువాత చేయి వదిలి, జుట్టు కదిలించి అద్దంలో చూడండి. కత్తెర జుట్టుదే కావాలి. బట్టలు కోసేది, పాల ప్యాకెట్లు కోసేది వాడితే వెంట్రుక నలిగి కొసలు చీలుతాయి. కనుబొమల పొడవు పెట్టుకున్నవారు మూడు నాలుగు వారాలకు ఒకసారి, పొడుగు ముంగురులవారు రెండు నెలలకు ఒకసారి సరిచేసుకుంటే చాలు.

ఇక కాపాడుకోవడం. మన దగ్గర మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులు ఉంటాయి. వానలు పడ్డాక గోదావరి ఒడ్డున ఉక్కపోత. రోడ్డు మీద లారీల దుమ్ము. నుదురు ముఖంలో ఎక్కువ జిడ్డు పట్టే చోటు. ముంగురులు ఆ జిడ్డునూ చెమటనూ పీల్చుకొని, తల మిగతా జుట్టు శుభ్రంగా ఉన్నా సాయంత్రానికి అట్టలు కడతాయి. అందుకు రోజూ తలస్నానం అక్కర్లేదు. మిగతా జుట్టు ముడి వేసుకొని, కుళాయి దగ్గర వంగి, ముంగురులను మాత్రమే రెండు చుక్కల షాంపూతో కడిగి తుడుచుకుంటే సరిపోతుంది. కుంకుడు రసం కూడా మంచిదే, కళ్లు మూసుకొని, రసం పోయేదాకా కడగాలి.

నూనె గురించి మన ఇళ్లల్లో వాదన ఉంటుంది. తలకు నూనె వద్దని నేను అనను. ముంగురులకు మాత్రం వద్దు. చెవుల వెనక నుంచి మొదలుపెట్టి వెనక జుట్టుకు రాసుకోండి. ముందు జుట్టుకు రాస్తే నూనె నుదుటి మీదికి దిగి, చెమటతో కలిసి సన్నటి మొటిమలు లేపుతుంది. నుదుటి నిండా మొటిమలు వచ్చినప్పుడు కొన్ని రోజులు ముంగురులను క్లిప్పుతో పైకి పెట్టి, నుదుటికి గాలి తగలనివ్వండి.

తలస్నానం తరువాత మొదట ఆరబెట్టాల్సింది ముంగురులనే. అవి ఎట్లా ఆరితే రోజంతా అట్లాగే ఉంటాయి. తువ్వాలతో రుద్దకుండా ఒత్తండి. ఫ్యాన్ కింద నిలబడి దువ్వెనతో ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి, నుదుటికి ఆనించి దువ్వుతూ ఆరబెట్టండి. ఇట్లా చేస్తే సుడి కూడా కొంత అణుగుతుంది. తక్కువ ధరకే దొరికే జుట్టు రోలర్ ఒకటి కొని పెట్టుకోండి. ముంగురులను దానికి చుట్టి, చాయ పెట్టుకొని తాగేలోపు వదిలితే చక్కటి వంపు వస్తుంది. వేడి మిషను అవసరం లేదు. హెల్మెట్ పెట్టుకునే ముందు ముంగురులను పక్కకు దువ్వి, పలచటి నూలు రుమాలు కట్టుకోండి. రాత్రి పడుకునేటప్పుడు పక్కకు మళ్లించి ఒక మెత్తటి క్లిప్పు పెడితే పొద్దున పని తగ్గుతుంది.

కత్తిరించుకున్నాక నచ్చకపోతే కంగారు పడకండి. నెలకు ఒక సెంటీమీటరు చొప్పున అది పెరుగుతూనే ఉంటుంది. ముందు పక్కకు వాల్చండి, తరువాత చెవి వెనక్కి, ఆ తరువాత సన్నటి జడగా అల్లి పక్కన కలిపేయండి. కొన్ని నెలల్లో మిగతా జుట్టులో కలిసిపోతుంది.

తల్లులకు, బాపమ్మలకు ఒక మనవి. పిల్ల ముంగురులు అడిగితే వెంటనే కాదనకండి. ఆమెతో పాటు అద్దం ముందు కూర్చోండి. ఆమె ముఖాన్ని ఆమె కంటే ముందు చూసినవారు మీరే. ఆ పిల్లకు ఏది నప్పుతుందో ఫోన్‌లోని ఫొటో కంటే మీకే బాగా తెలుసు. పిల్లలకూ ఒక మనవి. పెద్దలు బొట్టు కనపడాలంటే, అదీ ఒక మంచి సలహాగానే తీసుకోండి. నుదురు కాస్త కనిపించే ముంగురులు మన ముఖాల్లో చాలావాటికి నిజంగానే బాగుంటాయి.

పార్లర్‌కు పోయినప్పుడు మూడు మాటలు మీరే ముందుగా చెప్పండి. నా సుడి ఇక్కడుంది. నేను రోజూ చేసే పని ఇది. ముందు పొడుగ్గానే కత్తిరించండి, చూసి చెబుతాను. ఈ మాటలు విని తొందరపడకుండా కత్తెర పట్టేవాళ్ల దగ్గరే కూర్చోండి. ఈ ఆదివారం తలస్నానం చేసి, జుట్టు ఆరాక, జడ కొసను నుదుటి మీద పెట్టి ఒకసారి చూసుకోండి. నచ్చితే కత్తిరించుకోండి, నచ్చకపోతే ఎప్పటి జడ వేసుకోండి. ఏది చేసినా మీ ముఖాన్ని మీరు చూసుకొని చేసినదై ఉండాలి.